ఎలుకలకు నూట ఇరవై మంచాలు

తాడికొండ ఫణిభూషణరావు అనే డాక్టరు నన్ను ముంచాడు. పేరు దాచవలసిన అవసరం నాకేమీ లేదు. ఆయన పేరు వెనక రెండు వరసల చదువు ఉంటుంది. నా చదువు ఏడో తరగతిలో సగం. మా బడిలో మాస్టారి కుర్చీ కాలు విరిగితే బాగుచేయడానికి వచ్చిన మా నాన్న, కుర్చీని బడికిచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. అప్పటినుంచీ ఉలీ సుత్తే నాకు పలకా బలపం.

ఫణిభూషణరావు గారు నాకు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. నేను చావబోయి బతికానన్న మాట ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అంతే. ఆ సంతకం ఆయన పెట్టలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు నాకూ పట్టుకుంది. మూడో రోజుకే ఊపిరి ఆడలేదు. మా ఆవిడ వరాలు నన్ను ట్రాలీ ఆటోలో పడేసి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. మంచాలన్నీ నిండిపోయాయన్నారు. "మంచం మీరే తెచ్చుకుంటే వరండాలో వేసుకోవచ్చమ్మా" అని ఆయా ఒకామె దయతలిచింది. అదే ఆటోలో వరాలు వెనక్కి వెళ్ళి మా ఇంట్లో మంచం తెచ్చి వేసింది. ఆ వరండాలో, ఆ మంచం మీద పదకొండు రోజులు ఉన్నాను. గాలి సిలిండర్లు బయట కొనుక్కోవాలి. మా పొలం కాంతయ్య షావుకారికి తాకట్టు పెట్టి వరాలు ఆ గాలి కొన్నది. మార్చి ముప్పై ఒకటి లోపల విడిపించుకోకపోతే పొలం ఆయన పేర రాసివ్వాలని కాగితంలో ఉంది.

అప్పుడొచ్చింది తీవ్ర బాధితుల ఊరట పథకం. జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్ళకు వైద్యానికి అయిన ఖర్చు తిరిగి ఇస్తారట. ఎవరిది తీవ్రమో తేల్చే పని పట్నంలో కొత్తగా పెట్టిన కరోనా తీవ్రత కారణాన్వేషణ కేంద్రానికి అప్పగించారు. ఒకే పురుగు ఒకడికి జలుబు చేసి పోతే, ఇంకొకడి ఊపిరి ఎందుకు తోడేస్తుందో కనిపెట్టడం ఆ కేంద్రం అసలు పని. దానికి పెద్ద తలకాయ ఈ ఫణిభూషణరావు. కాగితం వస్తే పొలం వస్తుంది, కాగితం రాకపోతే పొలం పోతుంది. నేను జనవరిలో మొదటిసారి ఆ మెట్లెక్కాను.

కౌంటర్లో సూపరింటెండెంటు జగ్గప్పారావు కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"బెడ్ నెంబరు?"

"లేదండి. వరండాలో ఉన్నానండి."

"వరండా సంగతి నేనడగలేదు. బెడ్ నెంబరు అడిగాను."

"బెడ్లు లేవన్నారు కదండీ!"

"అయితే తేలికపాటి" అని స్టాంపు అందుకున్నాడు.

"తేలికేంటండీ బాబూ! పదకొండు రోజులు ముక్కుకి గొట్టం. మా బావమరిది పాడెకి వెదుళ్ళు కూడా చూసుకొచ్చాడు."

జగ్గప్పారావు నిట్టూర్చి, అట్ట వేసిన పుస్తకం ఒకటి తెరిచి, పంతులు గారు సంకల్పం చెప్పినట్టు చదివాడు. "తీవ్రత అనగా, పడక సంఖ్య కేటాయింపబడిన రోగియొక్క స్థితి. సదరు సంఖ్య కేటాయింపబడనిచో, రోగియొక్క ఇతర లక్షణములతో నిమిత్తము లేకుండా, తేలికపాటిగా పరిగణింపవలెను."

"నా పక్కనే మస్తాన్ అని ఆటో తోలే ఆయన చచ్చిపోయాడండీ. ఆయనకీ మంచం లేదు, చాప మీద పోయాడు. మరి ఆయనదేంటి?"

రిజిస్టరు తిరగేశాడు. "షేక్ మస్తాన్. ఇదుగో. తేలికపాటి, మరణం."

"తేలికపాటి మరణమా?"

"మధ్యలో కామా ఉందయ్యా. చదువుకోలేదా?"

నాకు ఒళ్ళు మండింది. గట్టిగా అరిచాను. ఆ అరుపుకి లోపలి తలుపు తెరుచుకుని ఫణిభూషణరావు గారే బయటకొచ్చారు. తెల్లటి మనిషి, తెల్లటి కోటు, గొంతు మాత్రం హరికథ చెప్పేవాళ్ళ గొంతు. "ప్రజల ఆవేదన కూడా మనకొక సమాచారమే" అని నన్ను గదిలోకి తీసుకుపోయారు.

లోపల డాక్టర్ హైమవతి అని ఇంకొకామె ఉంది. ముప్పై దాటి ఉండవు. నా స్కాను ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూసి, "సార్, ఊపిరితిత్తులు మూడొంతులు మూసుకుపోయాయి. ఈయన బతకడమే గొప్ప" అంది.

ఫణిభూషణరావు గారు ఫిల్మును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో బెడ్ నెంబరు ఎక్కడా కనబడడం లేదే!"

ఆమె పళ్ళు బిగపట్టుకుని నా వైపు తిరిగింది. "మీకు అర్థమయ్యేట్టు చెబుతాను ఆచారి గారూ. పురుగు చేసే చేటు కొంతే. దాన్ని చంపడానికి ఒంట్లో మన బలగం ఒకటి లేస్తుంది. కొందరిలో ఆ బలగానికి ఎక్కడ ఆగాలో తెలియదు. సొంత ఊపిరితిత్తుల మీదే పడుతుంది, రక్తం గడ్డలు కడుతుంది. ఎవరిలో ఆగుతుంది, ఎవరిలో ఆగదు అన్నదే మేం కనిపెట్టాలి. నా ఫ్రీజరులో తొమ్మిది వందల మంది రక్తం ఉంది."

"చెదపురుగుకి మందు కొట్టమంటే ఇంటికే నిప్పెట్టినట్టు" అన్నాను.

"సరిగ్గా అదే!" అని ఆమె ముఖం వెలిగింది. అంత చదువుకున్న మనిషి నా మాటకి సంతోషించడం అదే మొదలు, అదే ఆఖరు.

ఫణిభూషణరావు గారికి ఆ వెలుగు నచ్చలేదు. గోడ మీది జిల్లా పటం దగ్గరికి నడిచారు. పటమంతా గుండుసూదులు. "ఎర్రసూది ఒక్కొక్కటి ఒక్కొక్క తీవ్ర కేసు. ఎక్కడున్నాయి? అన్నీ పెద్దాసుపత్రి చుట్టూనే. ఈ కొండ మండలాలు చూడండి. ఆసుపత్రి లేదు, పడక లేదు, తీవ్రత లేదు. ఒక్క ఎర్రసూది లేదు. ఏమిటి దీని భావం?"

"సార్, అక్కడ పడకలు లేవు కాబట్టి మన పుస్తకం ప్రకారం తీవ్రమని రాయలేకపోయాం. అంతే" అంది హైమవతి.

"పడక లేదు, కాబట్టి తీవ్రత లేదు. నేనంటున్నదీ అదే. డాక్టర్ హైమవతి గారు కూడా ఏకీభవించారని నమోదు చేయండి" అన్నారాయన, మూల కూర్చున్న టైపిస్టుతో. ఆ వెంటనే కిటికీ వైపు తిరిగి, చాలాసేపు ఆకాశం చూసి, మెల్లగా అన్నారు. "ప్రపంచమంతా రోగిలో వెతుకుతోంది. రోగి కింద ఎవరూ వెతకలేదు."

అప్పుడు నా వైపు తిరిగి అడిగారు.

"మీరేం పని చేస్తారు?"

"వడ్రంగం అండి."

ఆయన రెండు చేతులూ నా భుజాల మీద వేశారు. "ఇంత మంచం చేయగలరా?" అని తన అరచెయ్యి చూపించారు.

సంగతేమిటంటే, తీవ్రతకి కారణం మంచమేనన్న సిద్ధాంతాన్ని ముందు జంతువుల మీద రుజువు చేయాలి. దానికి సీమ ఎలుకలని ఉంటాయి. పిడికెడంత ఉండి, బుగ్గల్లో గింజలు దాచుకుంటాయి. ఈ జబ్బు వాటి ఊపిరితిత్తులని మన ఊపిరితిత్తులని పట్టినట్టే పట్టుకుంటుందట. కేంద్రంలో రెండు వందల నలభై ఉన్నాయి. అన్నిటికీ జబ్బు అంటించి, సగానికి మంచాలు, సగానికి నేల. నూట ఇరవై మంచాలు కావాలి. "మీ ఫైలు నా బల్ల మీదే ఉంటుంది ఆచారి గారూ. మీరు సైన్సుకి సహకరించండి, సైన్సు మీకు సహకరిస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే వరాలు చేటలో బియ్యం ఆపి నన్నే చూసింది.

"ఎలక్కి మంచమా?"

"సైన్సే!"

"నీకు ఆసుపత్రిలో మంచం దొరకలేదు గానీ, ఎలక్కి నువ్వే చేసిపెడుతున్నావన్నమాట. కాయితం ఇస్తానన్నాడా?"

"ఫైలు బల్ల మీదుందన్నాడు."

"బల్ల ఎవరు చేశారో కనుక్కో. కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో!"

మూడు వారాలు ఇంకో పని ముట్టుకోకుండా చేశాను. టేకు తుక్కు నుంచి అగ్గిపుల్లకి అన్నలాంటి మంచం కోళ్ళు, పట్టెలు తీశాను. నవారుకి కట్టుగుడ్డ చీల్చి అల్లాను. తలవైపు ఎత్తి దించడానికి మడతబందు ఉండాలన్నారు, పెట్టాను. దోమతెరకి నాలుగు పుల్లలు ఉండాలన్నారు, పెట్టాను. ఒక్కొక్కదానికీ ఒకటి నుంచి నూట ఇరవై దాకా తెల్లరంగుతో నెంబరు వేశాను. నాకు దొరకని నెంబరు అది. ఎలుకలకు నా చేత్తో నేనే రాసి ఇచ్చాను.

ఎలుకలకు ఆ గౌరవం తెలియలేదు. మొదటిరోజే పదహారు ఎలుకలు నవారు కొరికేశాయి. ఇంకో తొమ్మిది మంచం కోళ్ళు తినేశాయి. ఒకటి మంచం బోర్లించి దాని కింద కాపురం పెట్టింది. ఫణిభూషణరావు గారు దీన్ని "పడక దుర్వినియోగం" అని పేర్కొని ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఆసుపత్రి నియమాలు తిరగేసి తీర్మానించింది: ఆరోగ్యంగా ఉన్న జంతువుకు పడక మీద హక్కు లేదు, రోగం ముదిరి కదలలేని స్థితికి వచ్చినదానినే పడకకు ఎక్కించవలెను.

అంటే తిరిగే ఎలుకలన్నీ నేల మీద. నోరు తెరిచి రొప్పుతూ పడిపోయిన ఎలుకను మాత్రం చిమటాతో ఎత్తి, మంచం మీద పడుకోబెట్టి, నెంబరు రాసుకుంటారు. పద్దెనిమిదో రోజున లెక్క తీశారు. మంచం ఎక్కినవి నలభై మూడు. నలభై మూడూ తీవ్రం. నేల మీదున్నవి నూట తొంభై ఏడు. ఒక్కటీ తీవ్రం కాదు.

"నూటికి నూరు!" అని ఫణిభూషణరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. "వైద్యశాస్త్రంలో నూటికి నూరు ఎవరికైనా వచ్చిందా?"

హైమవతి ఇక ఆగలేకపోయింది. "సార్, చావడానికి సిద్ధంగా ఉన్నవాటినే ఏరి మంచం ఎక్కించాం!"

"ఆవేశం వద్దమ్మా. క్రమంగా వెళదాం. ఎక్కించక ముందు ఆ ఎలుక తీవ్రమా?"

"పుస్తకం ప్రకారం... కాదు."

"ఎక్కించాక?"

"తీవ్రం."

"ఈ రెంటికీ మధ్య జరిగినది ఏమిటి?"

ఆమె చేతిలోని చిమటా బల్ల మీద పెట్టేసింది.

"సిగ్గుపడకుండా చెప్పండి. మంచం ఎక్కడం. మరి మీ బలగం ఎక్కడ? మీ రక్తం గడ్డలు ఎక్కడ?"

మర్నాడు ఆమెను ఎలుకల దుప్పట్ల విభాగానికి మార్చారు. ఆమె ఫ్రీజరు ఖాళీ చేయించి, రాజధాని నుంచి రాబోయే నిపుణుల సంఘం కోసం ద్రాక్షరసం సీసాలు పెట్టారు. తొమ్మిది వందల మంది రక్తం ఏమైందని అడిగాను. "అధీకృత పద్ధతిలో పారబోశాం" అన్నాడు జగ్గప్పారావు. ఆ తొమ్మిది వందల్లో, వరండాలో ఉన్నప్పుడు తీసుకున్న నా రక్తం గొట్టం కూడా ఉంది.

నేనేమీ మాట్లాడలేదు. నా ఫైలు ఆయన బల్ల మీద ఉంది.

నిపుణుల సంఘం వచ్చింది. ఆరుగురు. మంచాలు చూసి ముచ్చటపడ్డారు. ఒకాయన మనవరాలి బొమ్మకని నలభై రెండో నెంబరు జేబులో వేసుకున్నాడు. సభలో ఫణిభూషణరావు గారు గంటన్నర మాట్లాడారు. "పడకయే తీవ్రతకు ప్రధాన వాహకమని నిరూపితమైన దరిమిలా, జిల్లాలో పడకల దశలవారీ నిర్మూలనకు యుద్ధప్రాతిపదికన శ్రీకారం చుట్టవలసియున్నది" అన్నారు. చప్పట్లు మోగాయి. నాకు కూడా ఒక శాలువా కప్పి, "గ్రామీణ శాస్త్ర సహాయకుడు" అని పిలిచారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధం ఎందుకు.

ఫిబ్రవరి ఆఖరుకి పెద్దాసుపత్రిలో మంచాలన్నీ లారీలకెక్కించి తుపాను షెడ్డులో పోగేసి తాళం వేశారు. గేటు దగ్గర నల్లబల్ల పెట్టారు. ఈ రోజు తీవ్ర కేసులు: సున్నా. ఆ సున్నాని రోజూ తుడిచి కొత్తగా రాయడానికి ఒక ఉద్యోగిని కూడా వేశారు.

నేను ఒకసారి చూడడానికి వెళ్ళాను. వార్డునిండా చాపలు, చాపల మీద మనుషులు. నర్సులు మోకాళ్ళ మీద నడుస్తున్నారు. ఒక ముసలాయన్ని మాత్రం స్ట్రెచరు మీద ఇద్దరు తోసుకుంటూ హాలు చుట్టూ తిరుగుతున్నారు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు తమ్ముడూ?" అన్నాను.

"ఎక్కడికీ లేదన్నా. స్ట్రెచరు ఆగితే పడక కింద లెక్కంట. పొద్దున్నుంచీ తిప్పుతున్నాం."

ముసలాయన తల తిప్పి నన్ను చూశాడు. "బాబూ, మన ఊరు ఇంకా రాలేదా?" అన్నాడు.

ఆ రోజు ఇంటికొస్తూ దారిలో నాకు బుర్ర వెలిగింది. ఏడో తరగతి సగం బుర్ర అయినా ఒక్కోసారి వెలుగుతుంది. వాళ్ళ మాట ప్రకారం తీవ్రతకి కారణం మంచం. ఆసుపత్రి మంచమా, సొంత మంచమా అని ఎలుకలు అడిగాయా? నేను వరండాలో పడుకున్నది మంచం మీదే. కనుక నాది తీవ్రమే! వాళ్ళ సైన్సుతోనే వాళ్ళని పట్టుకోవచ్చు.

మార్చి ఇరవై నాలుగున మా మంచాన్ని మళ్ళీ ట్రాలీ ఆటో ఎక్కించి, వరాలిని వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్ళాను. ఇంకా వారం రోజులుంది. నా వాదన విని జగ్గప్పారావు మొదటిసారి తల ఎత్తి చూశాడు. "ఓరి నీ దుంప తెగా! పాయింటే!" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కేంద్రంలో తీవ్రత తేల్చే సంఘం కూర్చుంది. మంచాన్ని బల్ల ముందు పెట్టించారు. టేపు పెట్టి పొడవూ వెడల్పూ కొలిచారు. కోళ్ళు నాలుగే ఉన్నాయని ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి ధ్రువీకరించారు. ఒకాయన ఎక్కి పడుకుని, "పడక లక్షణములు సంపూర్ణముగా ఉన్నవి" అని పడుకునే చెప్పాడు.

ఫణిభూషణరావు గారు కళ్ళజోడు తీశారు. "సైన్సు నిష్పక్షపాతి. పడక సంఖ్య లేకపోయినా పడక ఉన్నది. కావున ఈయన తీవ్రతను కేంద్రం అంగీకరిస్తున్నది."

వరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వరండాలో పదకొండు రోజులూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆయన కలం మూత తీశారు. కాగితం మీద నా పేరు రాశారు. కొమ్మోజు నరసింగాచారి. అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నా నేను చదువుకున్నాను.

"పద్నాలుగో గడి ఖాళీగా ఉంది సార్" అన్నాడు జగ్గప్పారావు. "పడక ఎవరు సమకూర్చిరి."

"ఆఁ. చిన్న లాంఛనం" అంటూ ఫణిభూషణరావు గారు మంచం పట్టె మీద చెయ్యి వేసి నిమిరారు. "బ్రహ్మాండంగా ఉందే! ఒక్క మేకు కనబడదు. ఎవరు చేశారండీ దీన్ని?"

చూడండి, నలభై ఏళ్ళుగా ఉలి పట్టినవాణ్ణి. నా పనిని మెచ్చుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పైగా అంత పెద్దమనిషి.

జగ్గప్పారావు దగ్గాడు. వరాలు వెనకనుంచి చొక్కా లాగింది. అప్పటికే నా నోరు తెరుచుకుంది.

"నేనేనండి! నల్లతుమ్మ చేవ. మూడు వానలకి నానబెట్టి, మూడు ఎండలకి ఆరబెట్టి కోశాను. నా పెళ్ళికి నేనే చేసుకున్నాను. మేకు ఎందుకండీ, అంతా చెక్కలో చెక్క దిగే కుసురు గాడే! ఏనుగు పడుకున్నా కిర్రుమనదు. ఇలాంటిది ఈ జిల్లాలో ఇంకొకడు చెయ్యమనండి చూద్దాం!"

ఫణిభూషణరావు గారు పట్టె మీంచి చెయ్యి తీసేసి, కోటుకి తుడుచుకున్నారు.

"స్వయంగా తయారు చేశారు" అన్నారు. "ఆసుపత్రికి తెప్పించినది?"

"మా ఆవిడండి."

"కుటుంబ సభ్యులు. ఎక్కినది?"

"నేనే కదండీ."

"ఎవరైనా బలవంతంగా ఎక్కించారా?"

"లేదండి."

ఆయన అట్ట పుస్తకం తెప్పించుకుని తొమ్మిదో నియమం చదివారు. విషం తాగినవారికి, కత్తితో పొడుచుకున్నవారికి, తెలిసి రైలు కింద పడినవారికి పథకం వర్తించదు. "రోగ తీవ్రతకు కారకమైన సాధనాన్ని మీరే తయారుచేసి, మీరే తెప్పించుకుని, మీరే ఎక్కారు. ఇది స్వయంకృత తీవ్రత. ఆత్మహత్యాప్రయత్నం కింద పోలీసులకు రాయవలసి ఉన్నా, సైన్సుకు మీరు చేసిన సేవను దృష్టిలో పెట్టుకుని ఉదారంగా వదిలివేస్తున్నాం."

"చాప మీద పడుకుని ఉంటే ఇచ్చేవారా సార్?"

"చాప తేలికపాటి."

"మీ ఆసుపత్రి మంచం మీద అయితే?"

"నిస్సందేహంగా తీవ్రం. కానీ అవి లేవు కదా. తీసేశాం."

వరాలు ముందుకొచ్చింది. "ఏవయ్యా డాక్టరు గారూ, నాకు చదువు లేదు. ఒక్కటి చెప్పు. మీ ఇంట్లో నువ్వు దేని మీద పడుకుంటావు?"

"అది ఈ సమావేశపు అజెండాలో లేదమ్మా" అని ఆయన కలం మూత పెట్టేశారు.

మంచం ప్రమాదకర వస్తువు గనక దాన్ని కేంద్రం స్వాధీనం చేసుకుంది. రసీదు అడిగితే, ప్రమాదకర వస్తువులకు రసీదు ఉండదన్నారు. బయట మెట్ల మీద హైమవతి ఎదురైంది. చేతిలో కుట్టిన చిన్న దుప్పట్లు ఉన్నాయి. విషయం విని, దుప్పట్లు గోడ మీద పెట్టి, నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, నా ఊపిరితిత్తులకి నిజంగా ఏమైందో పేజీ నిండా రాసి సంతకం పెట్టి ఇచ్చింది. దాన్ని కౌంటరుకి పట్టుకెళితే జగ్గప్పారావు రెండుసార్లు చదివాడు.

"అంతా నిజమే రాసింది ఆచారీ" అన్నాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు. "కానీ ఇది మా ఫారంలో లేదే. నిజానికి గడి లేదయ్యా."

మార్చి ముప్పై ఒకటిన రిజిస్ట్రారు కచేరీలో కాంతయ్య షావుకారు మాకోసం కుర్చీ కూడా వేయించాడు. చెడ్డవాడు కాదు. "అంత గొప్పగా చెప్పుకోకుండా ఉండాల్సింది నువ్వు" అన్నాడు. వరాలు వేలిముద్ర వేసింది. నేను సంతకం పెట్టాను, ఏడో తరగతి దాకా వచ్చిన సంతకం. గుమాస్తా దస్తావేజు గట్టిగా చదివి వినిపించాడు. సర్వే నెంబరు నూట నలభై ఎనిమిది బై రెండు, తూర్పు పంటకాలవ, పడమర పుంతరోడ్డు, మధ్యనున్న మాగాణి, డెబ్బై మూడు సెంట్లు.